ఊపిరి వెనుక లెక్క తేల్చిన హాల్డేన్

2021 వేసవిలో మన ఇళ్లలోకి ఒక చిన్న పరికరం వచ్చి చేరింది. వేలికి తగిలిస్తే రక్తంలో ఆక్సిజన్ ఎంత శాతం ఉన్నదో చూపే పల్స్ ఆక్సీమీటర్ అది. అంకె 95కు పైన ఉంటే ఇంటిల్లిపాదికీ ఊరట. 90కి దిగితే ఆందోళన. ఆ రోజుల్లో వైద్యులను సైతం విస్మయపరచిన సంగతి ఒకటున్నది. అంకె 80ల్లోకి జారిపోయినా కొందరు రోగులు ఆయాసమే లేకుండా మంచం మీద కూర్చుని మామూలుగా మాట్లాడారు. ఒంట్లో ప్రాణవాయువు తరిగిపోతుంటే ఆ సంగతి మనిషికి ఎందుకు తెలియలేదు?

ఈ ప్రశ్నకు జవాబులోని ముఖ్యభాగం 1905లోనే ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో దొరికింది. మన ఊపిరి వేగాన్ని నిమిష నిమిషానికీ నిర్ణయించేది ప్రధానంగా ఆక్సిజన్ కాదని, మనం వ్యర్థమని వదిలివేసే కార్బన్ డయాక్సైడ్ అని అక్కడ రుజువైంది. దానిని రుజువు చేసిన శాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్. గనులలో, మురుగు కాలువలలో, సముద్రగర్భంలో, పర్వతశిఖరాలపై, యుద్ధభూమిలో మనిషి ఎక్కడ ఊపిరాడక చనిపోతుంటే అక్కడికి వెళ్లి, ఆ గాలిని ముందు తానే పీల్చి చూసిన వ్యక్తి ఆయన.

మురికివాడ గాలితో మొదలు

హాల్డేన్ 1860 మే నెలలో స్కాట్లండ్ రాజధాని ఎడిన్‌బరోలో జన్మించారు. పెర్త్‌షైర్‌లోని క్లోన్ వారి కుటుంబ ఎస్టేట్. సంపన్నమైన, విద్యావంతమైన కుటుంబం. అన్న రిచర్డ్ బర్డన్ హాల్డేన్ రాజకీయాలలో ఎదిగి బ్రిటన్ యుద్ధమంత్రిగా, ఆ తరువాత లార్డ్ ఛాన్సలర్‌గా పనిచేశారు. చెల్లెలు ఎలిజబెత్ రచయిత్రిగా పేరు పొందారు. మేనమామ జాన్ బర్డన్ శాండర్సన్ ఆనాటి ప్రసిద్ధ శరీరధర్మ శాస్త్రవేత్త.

ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలోనూ, జర్మనీలోని యేనాలోనూ చదివిన హాల్డేన్ 1884లో వైద్యపట్టా అందుకున్నారు. కానీ వైద్యవృత్తిలో స్థిరపడలేదు. డండీ నగరంలోని కళాశాలలో చేరి, సహచరులతో కలిసి ఒక విచిత్రమైన పరిశోధనకు పూనుకున్నారు. జనపనార మిల్లులకు పేరుపడిన డండీలో కార్మిక కుటుంబాలు ఒక్క గది ఇళ్లలో కిక్కిరిసి బ్రతికేవి. అందరూ గాఢనిద్రలో ఉన్న అర్ధరాత్రి వేళ హాల్డేన్ బృందం ఆ ఇళ్ల తలుపు తట్టి, లోపలి గాలిని సీసాలలో పట్టుకునేది. ఆ గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంత, సూక్ష్మజీవులు ఎన్ని అన్నది కొలిచి, పెద్ద ఇళ్ల గాలితోనూ, బడుల గాలితోనూ పోల్చి చూశారు. ఒక్క గది ఇళ్లలో గాలి ఎంత చెడిందో, మరణాలు ఎంత ఎక్కువో పక్కపక్కన పెట్టి చూపిన ఈ అధ్యయనం 1887లో రాయల్ సొసైటీ ప్రచురణగా వెలువడింది. అదే ఏడాది ఆయన మేనమామ పనిచేస్తున్న ఆక్స్‌ఫర్డ్‌కు మారారు.

ఆ కాలంలో రోగాలన్నింటికీ మురుగు కాలువల గాలే మూలమని చాలామంది నమ్మేవారు. హాల్డేన్ ఆ కాలువలలోకి కూడా దిగారు. వాటి గాలిలో సూక్ష్మజీవులు పైనున్న వీధి గాలిలో కంటే తక్కువగానే ఉన్నాయని తేల్చారు. అయితే ఆ కాలువలు నిరపాయమని ఆయన అనలేదు. 1895 జులైలో లండన్ శివారు ఈస్ట్‌హామ్‌లో మురుగునీటి కేంద్రం వద్ద ఒక కార్మికుడు లోపలికి దిగి పడిపోయాడు. అతణ్ని కాపాడబోయి ఒకరి వెనుక ఒకరుగా మరి నలుగురు దిగారు. ఐదుగురూ మరణించారు. దర్యాప్తు చేసిన హాల్డేన్, ఆ మరణాలకు కారణం హైడ్రోజన్ సల్ఫైడ్ అని నిర్ధారించారు. కుళ్లిన కోడిగుడ్డు వాసన వేసే ఈ వాయువు, మోతాదు పెరిగితే వాసన గ్రహించే శక్తినే చంపేస్తుంది. వాసన పోయింది కదా అని లోపలికి అడుగు వేసిన మనిషి మరి తిరిగి రాడు.

ఈ సంఘటన చదువుతుంటే నిన్నటి వార్త చదివినట్లే ఉంటుంది. మన నగరాలలో మ్యాన్‌హోల్‌లోకి దిగి ఒకరు, అతనికోసం దిగి మరొకరు మరణించారన్న వార్త ఇప్పటికీ వస్తూనే ఉంది. రక్షణ సామగ్రి లేకుండా మనుషులను మురుగు కాలువలలోకి దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. వాయువు స్వభావం ఏమిటో అంతకు నూరేళ్ల ముందే తెలుసు.

గనిలో మృత్యువుకు పేరు పెట్టిన మనిషి

1896 జనవరి 27న దక్షిణ వేల్స్ రోండా లోయలోని టైలర్స్‌టౌన్ బొగ్గుగనిలో పేలుడు సంభవించింది. 57 మంది చనిపోయారు. గని పేలుళ్లలో మనుషులు మంటలకో, పేలుడు తాకిడికో బలవుతారని అంతవరకూ సాధారణ అభిప్రాయం. ప్రభుత్వం తరఫున వెళ్లిన హాల్డేన్ మృతదేహాలను ఒక్కొక్కటిగా పరీక్షించారు. చాలామంది ఒంటి మీద ప్రాణం తీసేంత గాయాలు లేవు. చర్మం మాత్రం ఆరోగ్యంగా ఉన్నట్లు గులాబీ రంగులో మెరుస్తున్నది. ఆ రంగే హంతకుడి ఆనవాలు. అది కార్బన్ మోనాక్సైడ్.

రక్తంలోని హీమోగ్లోబిన్ పని ఆక్సిజన్‌ను మోయడం. ఊపిరితిత్తులలో దానిని పట్టుకుని, కండరాలకు, మెదడుకు చేర్చి వదిలిపెడుతుంది. అయితే కార్బన్ మోనాక్సైడ్ అంటే హీమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా మక్కువ. గాలిలో ఆ వాయువు అతి స్వల్పంగా ఉన్నా చాలు. అది హీమోగ్లోబిన్‌ను గట్టిగా పట్టుకుని కూర్చుంటుంది, ఆక్సిజన్‌కు చోటు దొరకదు. రంగు, వాసన, రుచి లేని ఈ వాయువు ఆయాసం కూడా కలిగించదు. మనిషి కాళ్లు తేలిపోయి, ఆలోచన మందగించి, తనకేదో అవుతున్నదని గ్రహించేలోపే కూలబడతాడు.

ఈ సంగతులను హాల్డేన్ పుస్తకాలలో చదివి చెప్పలేదు. 1895లో ప్రయోగశాలలో కూర్చుని ఆ వాయువును తానే పీల్చారు. మధ్యమధ్య వేలిని పొడుచుకుని రక్తపు చుక్క తీసి, రంగు పోల్చి, ఎంత శాతం విషమెక్కిందో రాసుకున్నారు. సగానికి పైగా హీమోగ్లోబిన్ ఆ వాయువు పాలయ్యేవరకు ఆయన ఆపలేదు. అప్పటికి నిలబడటం కష్టమై చూపు మసకబారింది. అధిక పీడనం వద్ద ఆక్సిజన్ అందిస్తే ఈ విషానికి గురైన ప్రాణి కూడా బ్రతుకుతుందని ఎలుకపై చేసిన ప్రయోగంలో గమనించారు. నేటికీ కార్బన్ మోనాక్సైడ్ సోకినవారికి ముందుగా ఇచ్చేది ఆక్సిజనే.

మరి గనిలో ఉన్న మనిషికి ముందస్తు హెచ్చరిక ఎలా? బరువుతో పోల్చి చూస్తే చిన్న ప్రాణులు మనకంటే ఎంతో వేగంగా ఊపిరి తీస్తాయి. వాటి ఒంట్లో విషం మనకంటే త్వరగా పేరుకుంటుంది. కాబట్టి ఎలుకనో చిన్న పక్షినో వెంట తీసుకుపోతే, అది తూలి పడినప్పుడు మనిషికి బయటపడే వ్యవధి మిగులుతుందని హాల్డేన్ సూచించారు. అలా పంజరంలోని కెనరీ పిట్ట గని రక్షణ దళాలకు తోడైంది. 1911 నాటి బ్రిటన్ గనుల చట్టం తరువాత రక్షణ కేంద్రాలలో ఈ పిట్టలు తప్పనిసరి అయ్యాయి. ఎలక్ట్రానిక్ పరికరాలు వాటి స్థానం ఆక్రమించేసరికి 1986 వచ్చింది.

మన పల్లెల్లో పాడుబడ్డ బావిలో దిగేముందు దీపాన్ని తాడుతో దించి చూసే అలవాటు ఉండేది. దీపం ఆరితే దిగకూడదని పెద్దలు చెప్పేవారు. ఆక్సిజన్ తగ్గి, కార్బన్ డయాక్సైడ్ నిండిన గాలిని దీపం పట్టిస్తుంది. మనిషి స్పృహ తప్పకముందే అది ఆరిపోతుంది. అయితే ప్రాణాలు తీసేంత కార్బన్ మోనాక్సైడ్ ఉన్నచోట కూడా దీపం చక్కగా వెలుగుతూనే ఉంటుంది. ఏ వాయువుకు ఏది సాక్ష్యమో, ఏది కాదో వేరుచేసి చెప్పడమే హాల్డేన్ చేసిన గొప్ప మేలు.

ఆయన తన కుమారుణ్ని కూడా ఈ పాఠాలకు దూరంగా ఉంచలేదు. బాలుడైన జాక్‌ను ఒకసారి గనిలోకి తీసుకువెళ్లి, పైకప్పు దగ్గర మీథేన్ పేరుకున్న చోట నిలబెట్టి, షేక్‌స్పియర్ నాటకంలో ఆంటొనీ ప్రసంగాన్ని అప్పజెప్పమన్నారు. కొన్ని పంక్తులు కాగానే పిల్లవాడి కాళ్లు తేలిపోయాయి. నేలపై పడగానే అక్కడి గాలి బాగుండటంతో తేరుకున్నాడు. మీథేన్ గాలికంటే తేలిక అన్న పాఠం ఆ బాలుడు జీవితంలో మరచిపోలేదు.

ఊపిరిని నడిపేది ఎవరు?

విశ్రాంతిగా ఉన్న మనిషి నిమిషానికి సుమారు 12 నుంచి 18 సార్లు ఊపిరి తీస్తాడు. ఒక్కొక్క ఉచ్ఛ్వాసంలో లోపలికి వెళ్లే గాలి దాదాపు అర లీటరు. అందులో సుమారు 150 మిల్లీలీటర్లు ముక్కు, గొంతు, వాయునాళాలలోనే నిలిచిపోయి, ఏ పనీ చేయకుండా తిరిగి బయటకు వస్తుంది. ఈ భాగాన్ని శాస్త్రవేత్తలు మృతస్థలం అంటారు. తక్కిన గాలి ఊపిరితిత్తుల చివరన ద్రాక్షగుత్తుల వలె ఉండే వాయుగోణులకు చేరుతుంది. గాలికీ రక్తానికీ మధ్య వాయువుల మార్పిడి జరిగేది అక్కడే.

ఆ లోతుల్లోని గాలిలో ఏమున్నదో తెలియాలంటే దానిని బయటికి రప్పించాలి. హాల్డేన్, ఆయన సహచరుడు జాన్ గిలీస్ ప్రీస్ట్‌లీ ఇందుకు అతి సులువైన ఉపాయం కనిపెట్టారు. మామూలుగా ఊపిరి విడిచిన వెంటనే, పొడవాటి రబ్బరు గొట్టంలోకి బలంగా, చివరికంటా ఊదాలి. ముందు వచ్చేది మృతస్థలం గాలి. అది గొట్టం అవతలికి వెళ్లిపోతుంది. ఆఖరున గొట్టంలో నోటి దగ్గర మిగిలేది వాయుగోణుల గాలి. దానినుంచి నమూనా తీసుకుంటే చాలు. దానిని పరీక్షించే పరికరం కూడా హాల్డేన్ స్వయంగా రూపొందించినదే.

వారిద్దరూ ఆ గొట్టం పట్టుకుని ఆక్స్‌ఫర్డ్‌లో పరీక్షించుకున్నారు. స్కాట్లండ్‌లోని బెన్ నెవిస్ కొండ ఎక్కి పరీక్షించారు. కార్న్‌వాల్‌లోని డోల్‌కోత్ తగరపు గని అడుగుకు దిగి పరీక్షించారు. అధిక పీడనపు గదిలోనూ కూర్చున్నారు. ఎక్కడికి వెళ్లినా వాతావరణ పీడనం మారింది, వాయుగోణులలో ఆక్సిజన్ మారింది. కార్బన్ డయాక్సైడ్ పాక్షిక పీడనం మాత్రం ఆయా మనిషికి దాదాపు స్థిరంగా నిలిచింది. వాయువుల మిశ్రమంలో ఒక్కొక్క వాయువు తన వంతుగా కలిగించే ఒత్తిడిని పాక్షిక పీడనం అంటారు. కార్బన్ డయాక్సైడ్ విషయంలో అది పాదరస మట్టంలో సుమారు 40 మిల్లీమీటర్లు.

దీని అర్థం ఏమిటి? శరీరం ఈ ఒక్క లెక్కను కంటికి రెప్పలా కాపాడుకుంటున్నదన్నమాట. వాయుగోణులలో కార్బన్ డయాక్సైడ్ 0.2 శాతం పెరిగితే చాలు, లోపలికీ బయటికీ ఆడే గాలి పరిమాణం దాదాపు రెట్టింపవుతుందని వారు కొలిచి చూపారు. ఆక్సిజన్ ఒక మోస్తరుగా తగ్గినా అంతటి స్పందన లేదు. మెట్లెక్కితే ఆయాసం వచ్చేది, ఊపిరి బిగబట్టితే కాసేపటికి ఆపుకోలేకపోయేది ప్రధానంగా కార్బన్ డయాక్సైడ్ పేరుకోవడం వల్లనే. మెదడు అడుగున మజ్జాముఖంలో ఉన్న శ్వాసకేంద్రం దానికి వెంటనే స్పందిస్తుంది. 1905లో వెలువడిన ఈ పరిశోధన శ్వాసక్రియ శాస్త్రానికి పునాదిరాయి అయింది.

కొవిడ్ రోగుల సంగతి ఇప్పుడు కొంత అర్థమవుతుంది. జబ్బుపడిన ఊపిరితిత్తి ఆక్సిజన్‌ను సరిగా అందుకోలేకపోయినా, సులువుగా పొరలు దాటిపోగల కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతూనే ఉన్నది. అది పేరుకోనంతకాలం శ్వాసకేంద్రం గట్టిగా గంట మోగించలేదు. అందుకే వేలికి తగిలించిన పరికరం మనిషి అనుభూతి కంటే ముందుగా ప్రమాదాన్ని చెప్పగలిగింది.

1914లో హాల్డేన్, క్లాడ్ డగ్లస్, డెన్మార్క్‌కు చెందిన యోహానె క్రిస్టియాన్సెన్ మరొక సూత్రం కనుగొన్నారు. ఆక్సిజన్‌ను పట్టుకున్న హీమోగ్లోబిన్ కార్బన్ డయాక్సైడ్‌ను మోసే గుణాన్ని కొంత కోల్పోతుంది. ఆక్సిజన్‌ను వదిలిన రక్తం కార్బన్ డయాక్సైడ్‌ను మరింతగా తీసుకుంటుంది. అంటే కండరాల దగ్గర చెత్త ఎత్తుకోవడం, ఊపిరితిత్తుల దగ్గర దింపడం రెండూ సులువవుతాయి. దీనికి హాల్డేన్ ప్రభావమని పేరు. ఇందుకు జంటగా, కార్బన్ డయాక్సైడ్ పెరిగినచోట హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను సులువుగా వదులుతుందని 1904లోనే డెన్మార్క్‌లో క్రిస్టియన్ బోర్ బృందం చూపింది. అది బోర్ ప్రభావం. ఒకటి తెచ్చేదానికి, రెండవది తీసుకుపోయేదానికి. వైద్య విద్యార్థులు ఈనాటికీ ఈ రెండింటినీ కలిపే చదువుకుంటారు.

సముద్రం అడుగున, శిఖరం పైన

బ్రిటిష్ నౌకాదళం గజ ఈతగాళ్లకు అప్పట్లో ఒక అంతుచిక్కని జబ్బు వచ్చేది. లోతులో ఉన్నంతసేపూ బాగానే ఉండి, పైకి వచ్చాక కీళ్ల నొప్పులు, పక్షవాతం, ఒక్కొక్కసారి మరణం. నీటిలో ప్రతి పది మీటర్లకు ఒక వాతావరణ పీడనం చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడికి గాలిలోని నైట్రోజన్ రక్తంలోనూ కొవ్వులోనూ కరుగుతుంది. త్వరగా పైకి వస్తే, సోడా సీసా మూత తీసినట్లు అది బుడగలై రక్తప్రవాహానికి అడ్డుపడుతుంది.

నౌకాదళం కోరికపై హాల్డేన్, ఆర్థర్ బాయ్‌కాట్, నౌకాదళ అధికారి గైబన్ డామంట్ లండన్‌లోని లిస్టర్ సంస్థలో ఒక ఉక్కు గదిలో మేకలపై ప్రయోగాలు చేశారు. జబ్బు సోకిన మేక నొప్పి పుట్టిన ముందుకాలు పైకెత్తి నిలబడేది. ఉన్న పీడనం సగానికి తగ్గేవరకు చకచకా పైకి రావచ్చునని, అక్కడి నుంచి అంచెలంచెలుగా ఆగుతూ రావాలని వారు నిర్ధారించారు. 1906లో స్కాట్లండ్ సముద్రజలాలలో జరిపిన పరీక్షలో డామంట్, కాటో 210 అడుగుల లోతుకు దిగి క్షేమంగా పైకి వచ్చారు. పదమూడేళ్ల జాక్ సైతం తన కొలతకు సరిపోని డైవింగ్ దుస్తులలో నీటిలోకి దిగాడు. దుస్తుల్లోకి నీళ్లు వస్తున్నా భయపడలేదు. 1908లో ప్రచురితమైన ఆ పట్టికలు ప్రపంచమంతటా గజ ఈతగాళ్ల ప్రాణాలు నిలిపాయి. నేటి డైవింగ్ కంప్యూటర్ల లెక్కలకు కూడా మూలం వాటిలో ఉన్నది.

1911 వేసవిలో హాల్డేన్ ఎదురు దిశకు ప్రయాణమయ్యారు. అమెరికాలోని కొలరాడోలో సుమారు 4,300 మీటర్ల ఎత్తున్న పైక్స్ పీక్ శిఖరంపై డగ్లస్, యాండెల్ హెండర్సన్, ఎడ్వర్డ్ ష్నైడర్‌లతో కలిసి ఐదు వారాలు గడిపారు. తొలి రోజుల్లో పెదవులు నీలివర్ణమై, తలనొప్పితో, వాంతులతో సందర్శకులు విలవిలలాడే చోటు అది. రోజులు గడిచేకొద్దీ శరీరం ఆ ఎత్తుకు ఎలా అలవాటు పడుతుందో వారు కొలిచారు. ఊపిరి లోతు పెరిగి వాయుగోణులలో కార్బన్ డయాక్సైడ్ బాగా తగ్గింది, రక్తంలో హీమోగ్లోబిన్ పెరిగింది.

ఆ బృందంలో మేబుల్ ఫిట్జ్‌జెరాల్డ్ అనే శాస్త్రవేత్త కూడా ఉన్నారు. పురుషులతో కలిసి శిఖరంపై బస చేసే అవకాశం ఆమెకు దక్కలేదు. ఆమె ఒంటరిగా కొలరాడో గని ఊళ్లన్నీ తిరిగి, వివిధ ఎత్తులలో నివసించేవారి ఊపిరిని, రక్తాన్ని పరీక్షించారు. ఎత్తుకూ శ్వాసకూ గల సంబంధంపై ఆమె సేకరించిన వివరాలు దశాబ్దాల పాటు ప్రామాణికంగా నిలిచాయి. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆమెకు గౌరవపట్టా ఇచ్చింది 1972లో. అప్పటికి ఆమె వయసు నూరేళ్లు.

పట్టు విడవని పొరపాటు

ఇంతటి శాస్త్రవేత్త ఒక ముఖ్య విషయంలో పొరబడ్డారు. వాయుగోణుల నుంచి రక్తంలోకి ఆక్సిజన్ ఎలా వెళుతుంది? ఒత్తిడి ఎక్కువ ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికి వాయువు తనంతట తానే వ్యాపించడాన్ని విసరణ అంటారు. ఆ విసరణ ఒక్కటే చాలదని, అవసరమైనప్పుడు ఊపిరితిత్తులు గ్రంథి వలె పనిచేసి ఆక్సిజన్‌ను రక్తంలోకి నెడతాయని హాల్డేన్ నమ్మారు. పైక్స్ పీక్‌పై తాము తీసిన కొలతలు ఆ నమ్మకాన్నే బలపరుస్తున్నాయని భావించారు.

డెన్మార్క్‌లో ఆగస్ట్ క్రోగ్, మేరీ క్రోగ్ దంపతులు 1910లోనే విసరణ ఒక్కటే చాలునని ప్రయోగాలతో చూపారు. కేంబ్రిడ్జ్‌లో జోసెఫ్ బార్‌క్రాఫ్ట్ 1920లో ఆక్సిజన్ తగ్గించిన గాజుగదిలో రోజుల తరబడి ఉండి, తన ధమనిని కోయించుకుని మరీ రక్తాన్ని పరీక్షించి అదే తేల్చారు. ఆ తరువాత పెరూ పర్వతాలపై జరిపిన పరీక్షల ఫలితమూ అదే. హాల్డేన్ మాత్రం తుదివరకు తన అభిప్రాయం మార్చుకోలేదు. ప్రాణిని యంత్రంగా చూడరాదని, శరీరం పరిస్థితులకు తగ్గట్టు తనను తాను సవరించుకుంటుందని ఆయనకు గట్టి తాత్విక విశ్వాసం. ఆ విశ్వాసమే కార్బన్ డయాక్సైడ్ లెక్క విషయంలో ఆయనను సత్యానికి చేర్చింది. ఆక్సిజన్ విషయంలో దారి తప్పించింది. అయితే ఆయనను ఖండించడానికే ఎందరో కొత్త ప్రయోగాలు చేశారు. ఆ వాదం వల్ల శాస్త్రం ముందుకే నడిచింది.

విషవాయువు ఎదుట

1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర వద్ద జర్మన్ సేనలు క్లోరిన్ వాయువును వదిలాయి. ఆకుపచ్చ పసుపు కలిసిన మబ్బు కందకాల మీదుగా పాకింది. వేలమంది ఊపిరాడక కుప్పకూలారు. కొద్ది రోజులకే, ఏప్రిల్ 26న, అదే రంగంలో పోరాడిన లాహోర్ డివిజన్ భారత సైనికులు కూడా ఆ విషవాయువుకు గురయ్యారు.

యుద్ధమంత్రి కిచ్‌నర్ హాల్డేన్‌ను వెంటనే ఫ్రాన్స్‌కు పంపారు. గాయపడ్డవారిని, మృతులను పరీక్షించి ఆ వాయువు క్లోరిన్ అని ఆయన ధ్రువీకరించారు. ఊపిరితిత్తుల లోపలి పొర దెబ్బతిని, వాయుగోణులు నీటితో నిండి, మనిషి ఒడ్డున ఉండే మునిగిపోయినట్లు చనిపోతున్నాడని గుర్తించారు. తిరిగి వచ్చి, గాజు గదిలో క్లోరిన్ నింపి, ముసుగుల పనితనం పరీక్షించేందుకు సహచరులతో పాటు తానే లోపల కూర్చున్నారు. తొలితరం రక్షణ ముసుగుల రూపకల్పనలో ఈ ప్రయోగాలు తోడ్పడ్డాయి.

అదే మే నెలలో ఆయన కుటుంబానికి మరో దెబ్బ తగిలింది. జర్మన్ తత్వశాస్త్రాన్ని అభిమానించే అన్న రిచర్డ్‌పై పత్రికలు శత్రుపక్షపాతి అన్న ముద్ర వేశాయి. లార్డ్ ఛాన్సలర్ పదవి పోయింది. తమ్ముడు దేశసైనికుల కోసం విషం పీలుస్తున్న రోజులే అవి.

వాయువు సోకిన సైనికుల చికిత్స ఆయనను మరో ఆలోచనకు పురిగొల్పింది. అంతవరకు ఆసుపత్రులలో ఆక్సిజన్ ఇవ్వడమంటే రోగి ముఖం దగ్గర ఒక గరాటు పెట్టి వాయువు వదలడమే. చాలావరకు వృథా అయ్యేది. ముఖానికి అమరే మాస్కు ద్వారా, నిమిషానికి ఇన్ని లీటర్లని కొలిచి, గంటల తరబడి ఇచ్చే పద్ధతిని హాల్డేన్ ప్రవేశపెట్టి 1917లో ప్రకటించారు. ఆక్సిజన్ కొరత యంత్రాన్ని ఆపడమే కాక దాని భాగాలను శాశ్వతంగా పాడుచేస్తుందని వైద్యులను హెచ్చరించారు. సిలిండరుకు, ఫ్లో మీటరుకు, మాస్కుకు 2021లో మనం పడిన తపన వెనుక ఆ ఆలోచనే ఉన్నది.

చివరి ప్రయాణం

1912 నుంచి గనుల పరిశోధనశాలకు డైరెక్టరుగా ఉన్న హాల్డేన్, యుద్ధానంతరం కూడా ఎక్కువ సమయం గనులకే కేటాయించారు. వేడి గురించి ఆయన అంతకుముందే ఒక కీలకమైన మాట తేల్చి ఉన్నారు. మనిషి తట్టుకోగల వేడిని నిర్ణయించేది మామూలు ఉష్ణమాపకం అంకె కాదు, తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకం అంకె. గాలి ఆడనిచోట అది సుమారు 31 డిగ్రీల సెల్సియస్ దాటితే ఊరక కూర్చున్న మనిషి ఒంటి వేడి కూడా పెరగడం మొదలవుతుంది. వడగాడ్పుల కాలంలో మన వాతావరణ వార్తల్లో తేమ ప్రస్తావన ఎందుకు వస్తుందో ఇది చెబుతుంది.

1928లో ఆయనకు బ్రిటన్ అత్యున్నత గౌరవాలలో ఒకటైన కంపానియన్ ఆఫ్ ఆనర్, 1934లో రాయల్ సొసైటీ కోప్లీ పతకం లభించాయి. 75 ఏళ్ల వయసులో ఇరాన్, ఇరాక్ చమురుశుద్ధి కేంద్రాలలో వడదెబ్బకు గురవుతున్న కార్మికుల పరిస్థితి చూసేందుకు బయలుదేరి వెళ్లారు. తిరిగి వచ్చిన కొద్దికాలానికే, 1936 మార్చి 14 అర్ధరాత్రి, ఆక్స్‌ఫర్డ్‌లో కన్నుమూశారు. జీవితమంతా కార్మికుల ఊపిరి వెంట నడిచిన మనిషి ఆఖరి ప్రయాణం కూడా కార్మికుల కోసమే చేశారు.

గనిలో పాఠం అప్పజెప్పిన జాక్ పెద్దవాడై, జె.బి.ఎస్. హాల్డేన్‌గా జన్యుశాస్త్రంలో ప్రపంచఖ్యాతి పొందారు. తండ్రి బాటలోనే తన ఒంటినే ప్రయోగశాల చేసుకున్నారు. 1957లో భారతదేశానికి వచ్చి, ఇక్కడి పౌరసత్వం తీసుకుని, 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో మరణించారు. ఆయన కోరిక ప్రకారం భౌతికకాయాన్ని వైద్య విద్యార్థుల చదువుకోసం కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు. పాఠం కోసం ముందు తన దేహాన్నే ముందుకు జరపడం ఆ ఇంటి సంప్రదాయం. డండీ మురికివాడలో అర్ధరాత్రి తలుపు తట్టిన తండ్రితో మొదలైన ఆ సంప్రదాయం కాకినాడలో ఒక తరగతి గదిని చేరింది.

మనం ఈ కథనం చదివే పావుగంటలో సుమారు రెండు వందల సార్లు ఊపిరి తీస్తాం. ఒక్కసారైనా లెక్కపెట్టం. ఆ లెక్క మన బదులు శరీరం చూసుకుంటున్నదని తెలిపినవారు హాల్డేన్. శరీరం లెక్క తప్పే చోటికి, గనిలోకో మురుగు కాలువలోకో, మనిషిని పంపేవారు ముందుగా గాలిని పరీక్షించి తీరాలన్నది ఆయన మిగిల్చిన పాఠం. ఆ పాఠం మనం ఇంకా పూర్తిగా నేర్చుకోవలసే ఉన్నది.